మీట వేరు, అక్షరం వేరు

తాళపత్రాల కాలంలో పద్యపాదం ఒకచోట చెడి కనిపిస్తే మన పండితులు వెంటనే కలం ఎత్తేవారు కారు. మరొక ప్రతి తెప్పించేవారు. మూడవది ఎక్కడ ఉన్నదో విచారించేవారు. ఏ వ్రాయసకాని చేతిలో ఏ అక్షరం ఏ అక్షరంగా మారిపోయినదో ఊహించి, ఆ ఊహకు సాక్ష్యం దొరికిన తరువాతనే దిద్దేవారు. సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యాలను అచ్చువేయించడానికి ముందు పెక్కు ప్రతులను సేకరించి పోల్చి చూచినాడు. సాక్ష్యం లేని దిద్దుబాటు రెండవ లేఖక ప్రమాదమే అని తెలుగు చదివిన ప్రతివారికీ తెలుసు. నేటి ఉపాధ్యాయుని బల్లమీద తాళపత్రం లేదు, కంప్యూటరు ఉన్నది. తప్పులు మాత్రం అలాగే ఉన్నవి. అందులో ఒక జాతి తప్పులు, అనగా మీటల పనిని మార్చుకోవడంవల్ల పుట్టేవి, తమకు సంబంధించినవి కావనీ, యంత్రం తెలిసినవారెవరో వచ్చి సరిచేయవలసినవనీ తెలుగు పండితులే భావించడం విచారింపదగిన విషయం.

మీటల మార్పు అంటే ఏమిటో ముందు చెప్పవలసి ఉన్నది. విండోస్ కంప్యూటర్లమీద నడిచే ఆటోహాట్‌కీ అనే ఉచిత సాధనం ఒకటి కలదు. క్రిస్ మాలెట్ అనే ఆయన దానిని 2003లో వెలువరించినాడు. మామూలు పాఠంగా కొన్ని పంక్తులు వ్రాసి, ఆ పత్రాన్ని ఈ సాధనంచేత నడిపిస్తే, ఒక మీట నొక్కినప్పుడు మరొక మీట నొక్కినట్లు జరుగుతుంది. లేదా ఒక అక్షరమో, ఒక పూర్తి వాక్యమో తెరమీద పడుతుంది. అట్టి పత్రాన్నే స్క్రిప్టు అంటున్నారు. పంక్తికి ఎడమవైపున నొక్కే మీట పేరు, మధ్య రెండు కోలన్లు, కుడివైపున జరుగవలసిన పని. చూపుకు విసర్గను జంటగా వ్రాసినట్లుంటుంది. ప్రశ్నపత్రం తయారుచేసే ఉపాధ్యాయునికి ఇది ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. “ఈ క్రింది వానిలో రెండింటికి సమాధానములు వ్రాయుము” అన్న వాక్యాన్ని పదిమార్లు కొట్టనక్కరలేదు. చేతికి అందని ఱకారాన్ని, అరసున్నను, విసర్గను అందే మీటమీదికి తెచ్చుకోవచ్చు. పాడైపోయిన మీట పనిని పక్కమీటకు అప్పగించవచ్చు.

చిక్కు అంతా ఇది చెడినప్పుడే. ఒక మిత్రుడు ఇచ్చిన స్క్రిప్టు ఆయన ఇంట సలక్షణంగా నడుస్తుంది. పాఠశాలకు తెచ్చేసరికి మొండికేస్తుంది. తెచ్చినవారు కంప్యూటరును ఆపి మళ్లీ పెడతారు. పంక్తులను అటూ ఇటూ మారుస్తారు. ఇంకెవరో ఇచ్చిన వేరొక స్క్రిప్టును దానిపై నడుపుతారు. చివరకు విసుగెత్తి, చేతివ్రాత ప్రతిని డి.టి.పి. దుకాణానికి పంపుతారు. అక్కడినుండి వచ్చిన ప్రశ్నపత్రంలో ‘దుఃఖం’ ఏ అవతారం ఎత్తి వస్తుందో ఉపాధ్యాయ లోకానికి అనుభవమే.

ఇట్టి తప్పులలో ఎక్కువభాగం ఒకే భ్రాంతినుండి పుడుతున్నవి. మీట, అక్షరం ఒకటే అనే భ్రాంతి అది. కీబోర్డుమీద కె అని అచ్చువేసిన మీటను నొక్కినప్పుడు కంప్యూటరుకు మొదట అందేది ఏ భాష అక్షరమూ కాదు. “ఫలానా స్థానంలోని మీట దిగినది” అన్న వార్త అందుతుంది. ఆ స్థానానికి సంఖ్య 37. విండోస్ ఆ వార్తను విని, అప్పుడు అమలులో ఉన్న అమరికనుబట్టి ఆ మీటకు ఒక నామసంఖ్య ఇస్తుంది. అది 75. ఆ తరువాత, ఆంగ్లం అమలులో ఉంటే చిన్న కె అక్షరానికి 107 అనే సంఖ్య, తెలుగు ఇన్‌స్క్రిప్టు అమరిక అమలులో ఉంటే కకారానికి 3093 అనే సంఖ్య పుడుతుంది. యూనికోడ్ పట్టికలో 3072 నుండి 3199 వరకు గల 128 స్థానాలు తెలుగువి. అందులో కకారం ఇల్లు అది. వేలు ఒక్కసారే క్రిందికి దిగినది, సంఖ్యలు మూడు పుట్టినవి. స్థానం, నామం, అక్షరం అనే ఈ మూడింటిలో స్క్రిప్టు దేనితో మాట్లాడుతున్నదో తెలియకుండా దానిని దిద్దబూనడం, ధాతువేదో ప్రత్యయమేదో తెలియనివాడు పదాన్ని విడదీయబూనడం వంటిది.

జర్మనీలో చదువుకొంటున్న తెలుగు విద్యార్థికి ఈ భేదం మొదటిరోజుననే ఎదురవుతుంది. అక్కడి కీబోర్డుమీద జడ్, వై అక్షరాలు ఒకదాని చోట ఒకటి ఉంటవి. స్థానసంఖ్య మారలేదు; నామం మారినది. ఇంటినుండి తెచ్చుకొన్న స్క్రిప్టు నామాన్ని నమ్ముకొన్నదయితే ఆ రెండు మీటలచోట తారుమారు తప్పదు. స్థానసంఖ్యతో వ్రాసినదయితే వేళ్లు పాత అలవాటునే నిలుపుకొంటవి. రెండింటిలో ఏది మేలన్నది వాడేవాని కోరికనుబట్టి ఉంటుంది. కాని కోరిక ఏమిటో స్క్రిప్టు వ్రాసేనాడే తేల్చుకోవాలి.

ఆ జడ్, వై మీటలతోనే మరొక చిక్కు కలదు. జడ్ అని వ్రాసి, రెండు కోలన్లు పెట్టి, వై అని వ్రాస్తే ఆ మార్పు సమగ్రమైనది. అనగా షిఫ్టు పట్టి నొక్కినా, కంట్రోలు పట్టి నొక్కినా జడ్ వై గానే మారుతుంది. జరిగిన పనిని వెనుకకు త్రిప్పడానికి కంట్రోలుతో జడ్ నొక్కుతారు గదా. ఇప్పుడు అది కంట్రోలుతో వై అయి, వర్డు వంటి చోట్ల పనిని తిరిగి చేస్తుంది. పొరపాటున పడిన పేరాను తొలగించబోయినవానికి అదే పేరా మళ్లీ ప్రత్యక్షమవుతుంది. వాడు కంప్యూటరుకు దయ్యం పట్టినదంటాడు. దానికి పట్టినది విధేయత. చెప్పినదానిని అక్షరాలా పాటించినది. ఇందుకు భిన్నంగా, కె నొక్కినప్పుడు కకారాన్ని పంపవలసినదని ఆజ్ఞారూపంగా వ్రాస్తే ఆ పంక్తి ఒంటరి కె మీటకే వర్తిస్తుంది. షిఫ్టుతో నొక్కితే పాత ఆంగ్లాక్షరమే వస్తుంది; ఖకారం కావలెనంటే దానికి వేరే పంక్తి వ్రాయాలి. “సగం పనిచేస్తున్నది, సగం చేయడంలేదు” అనే ఫిర్యాదులలో పెక్కింటికి మూలం ఇక్కడ ఉన్నది. పంక్తి దోషరహితమే, దాని పరిధి ఎంతవరకో వ్రాసినవారు తెలుసుకోలేదు.

ఇంకొక దోషం చూడడానికి వినోదంగా ఉంటుంది. ఒక మీట తెలుగు పాఠంలో విసర్గను, మిగిలినచోట్ల తన పాత కోలన్‌నే ఇవ్వాలని ఒకరు కోరుకొన్నారనుకొందాం. మిగిలినచోట్ల ఆ స్క్రిప్టు కోలన్ మీటను తానే నొక్కినట్లు వార్త పంపుతుంది. ఆ వార్తను వినేది ఎవరు? ఆ మీటకోసం కాచుకొని కూర్చున్న అదే స్క్రిప్టు. విని, మళ్లీ పంపుతుంది; మళ్లీ వింటుంది. కొండ లోయలో అరచినవాడు తన ప్రతిధ్వనికి తానే బదులు పలికినట్లు ఈ వ్యవహారం అంతులేకుండా సాగుతుంది. అందుకే ఆటోహాట్‌కీ తనకు తాను ఒక హద్దు పెట్టుకొన్నది. రెండు సెకండ్లలో 70 పర్యాయాలకు మించి హాట్‌కీలు పనిచేస్తే ఆగి, సాగించవలెనా మానవలెనా అని అడుగుతుంది. మందు స్వల్పమైనది. పంక్తి మొదట డాలరు గుర్తు ఒకటి చేరిస్తే, వేలు నొక్కిన మీటనే స్క్రిప్టు లెక్కకు తీసుకొంటుంది, తాను పంపిన దానిని విడిచిపెడుతుంది. ఆ గుర్తును అర్థం తెలియకుండా ప్రతి పంక్తి ముందూ తగిలించేవారు లేకపోలేదు. అన్ని రోగాలకూ ఒకే గుళిక మింగడం వంటిది అది.

ఇద్దరు అనువాదకులను ఒకేసారి కూర్చోబెట్టడంవల్ల వచ్చే గందరగోళం ఇంకొకటి. స్క్రిప్టు ఒక మార్పు చేస్తుంది. ఆంగ్లాక్షరాలతో కొడితే తెలుగుగా మార్చే సాధనం మరొకటి వెనుక నడుస్తూ ఉంటే, స్క్రిప్టు పంపిన మీటను అది తిరిగి అనువదిస్తుంది. రెండూ నిర్దోషాలే, ఫలితం మాత్రం అర్థంలేనిది. పైగా విండోస్ ఒక కిటికీలో తెలుగును, మరొక కిటికీలో ఆంగ్లాన్ని అమలులో ఉంచే సదుపాయం కలిగినది కాబట్టి, దోషం ఒకచోట కనిపించి మరొకచోట మాయమవుతుంది. పరీక్షించే వేళ ఒకరిని బయటికి పంపి రెండవవారి మాట వినాలి.

మిగిలిన కారణాలను త్వరగా చెప్పవచ్చు. స్క్రిప్టు దిద్ది భద్రపరచి, దానిని తిరిగి నడిపించకపోవడం అన్నింటికన్న సాధారణమైనది. పాత ప్రతియే జ్ఞాపకంలో పనిచేస్తూ ఉంటుంది. 2007లో విడుదలైన విండోస్ విస్టా నుండి, నిర్వాహకాధికారంతో నడిచే కార్యక్రమాలలోకి సామాన్యాధికారంతో నడిచే స్క్రిప్టు మీటలను పంపలేదు. అన్నిచోట్లా పనిచేసి ఒక్కచోట పనిచేయకపోతే దీనినే అనుమానించాలి. లాప్‌టాప్‌లమీది ఎఫ్.ఎన్. మీట చాలా యంత్రాలలో కీబోర్డులోపలే పని ముగించుకొంటుంది, స్క్రిప్టుకు దాని సంగతే తెలియదు. ఇక ఆటోహాట్‌కీ రెండవ రూపం 2022 డిసెంబరులో వెలువడినప్పటినుండి వ్యాకరణం మారినది. మొదటి రూపంలో పంపవలసిన అక్షరాన్ని ఉన్నదున్నట్లు వ్రాసేవారు, రెండవ రూపంలో ఉద్ధరణ చిహ్నాల మధ్య వ్రాయాలి. పాత స్క్రిప్టును కొత్త సాధనానికి అప్పగిస్తే అది తప్పుపట్టి ఆగిపోతుంది. పత్రాన్ని భద్రపరచిన విధానంకూడ చూడాలి. యూనికోడ్ యు.టి.ఎఫ్-8 సంకేతంలో ఒక కకారం మూడు బైట్లు ఆక్రమిస్తుంది. పాత ఆంగ్ల పద్ధతిలో చదివే సాధనం ఆ మూడింటినీ మూడు వేర్వేరు అక్షరాలుగా చదివి, తెరమీద మూడు వింత గుర్తులు వేస్తుంది. మూడేసి గుర్తుల గుంపులు కనిపించినవంటే లోపం స్క్రిప్టు వాక్యాలలో లేదనీ, దానిని భద్రపరచడంలో ఉన్నదనీ తెలుసుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినవన్నీ కంటికి కనబడే తప్పులు. కనబడినది ఏనాటికో దిద్దబడుతుంది. తెలుగువారిని బాధించవలసినవి కనబడనివి. సున్నను తీసుకొందాం. యూనికోడ్ పట్టికలో అనుస్వారం సంఖ్య 3074. తెలుగు అంకెలలోని సున్నా సంఖ్య 3174. రెండింటి రూపం కంటికి ఒకటే. స్క్రిప్టులో ఆ సంఖ్య వ్రాసేటప్పుడు ఒక్క అంకె జారితే, ఆ రోజునుండి ఆ పాఠశాలలో తయారయ్యే ప్రతి పత్రంలో అనుస్వారం ఉండవలసినచోట అంకె చేరుతుంది. అచ్చువేస్తే పత్రం నిర్దుష్టం. చదివిన ప్రధానోపాధ్యాయునికీ, వ్రాసిన విద్యార్థికీ అనుమానం రాదు. కాని వెంకటేశం అనే పేరుగల విద్యార్థి వివరాలకోసం కొన్నేళ్లకు ఎవరైనా వెదికితే, కంప్యూటరు అట్టివాడు లేడంటుంది. అకారాదిగా పేర్చమంటే పేరు తన చోట కూర్చోదు. తెరమీది పాఠాన్ని చదివి వినిపించే సాధనంమీద ఆధారపడిన అంధ విద్యార్థికి పదం మధ్యలో అంకె వినిపించే అవకాశం కలదు. తాళపత్రంమీది లేఖక ప్రమాదం ఒక్క ప్రతిని చెరిచేది. ఒక్క పంక్తిలోని ఈ ప్రమాదం, మీట నొక్కిన ప్రతిసారీ పునర్జన్మ ఎత్తుతుంది.

విసర్గ సంగతీ అంతే. దాని సంఖ్య 3075, కోలన్ సంఖ్య 58. విసర్గకు మీట అందక కోలన్ కొట్టినవారు ‘దు:ఖం’ అనే రూపాన్ని లోకం నిండా వెదజల్లినారు. దానిని సరిచేయడానికని వ్రాసిన స్క్రిప్టులలోకూడ, ఉన్న కాగితాన్ని చూచి కోలన్‌నే ఎక్కించినవారున్నారు. ఇది కొంత పరిశీలిస్తే కంటికి దొరుకుతుంది. అసలే దొరకనిది 8204. అక్షరాలను అతుకకుండా ఉంచే అదృశ్యచిహ్నమది. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో వకారం టకారం క్రిందికి వత్తుగా పోకుండా నిలిపేది అదే. అది లేకుంటే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఈ చిహ్నంకోసం ఒక హాట్‌కీ కల్పించుకోవడం తెలుగు వ్రాసేవారికి అత్యవసరం. అయితే ఆ హాట్‌కీని ఖాళీమీటకు దాపున పెట్టుకొన్నవారి ప్రతి పదం చివరా ఆ అదృశ్యచిహ్నం చేరుతూ పోతుంది. ‘పరీక్ష’, ‘పరీక్ష’ అని రెండు పదాలు చూపుకు ఒక్కటిగానే ఉండి, యంత్రానికి మాత్రం వేరవుతవి. దీనిని పట్టడానికి కన్ను చాలదు, సంఖ్యలు చూడాలి.

చూపే సాధనం స్క్రిప్టు వెంటనే ఉన్నది. ఆటోహాట్‌కీలో ‘మీటల చరిత్ర’ అని అర్థమిచ్చే పేరుతో ఒక కిటికీ కలదు. ఇటీవల నొక్కిన మీటల నామసంఖ్యలు, స్థానసంఖ్యలు వరుసగా అందులో కనిపిస్తవి. పదహారింటి లెక్కలో ఉన్న వాటిని దశాంశానికి మార్చుకొంటే పైన చెప్పిన 75, 37 ప్రత్యక్షమవుతవి. మీట నొక్కిన వార్త అసలు చేరినదా? చేరితే స్క్రిప్టు దానిని పట్టుకొన్నదా? పట్టుకొని ఏమి పంపినది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియనిదే ఒక్క అక్షరంకూడ మార్చరాదు. తరువాత స్క్రిప్టును కుదించాలి. పంక్తి మొదట అర్ధవిరామపు గుర్తు పెడితే ఆ పంక్తి వ్యాఖ్యగా మారి పనిమానుతుంది, చెరిపివేయనక్కరలేదు. 64 పంక్తులలో ఒక్క పంక్తి చెడినదనుకొంటే, సగం ఆపి పరీక్షించడం, దోషమున్న సగాన్ని మళ్లీ సగం చేయడం అనే పద్ధతిలో 6 పరీక్షలకు ఆ పంక్తి బయటపడుతుంది. రెండు పంక్తులు పరస్పరం కొట్టుకొంటున్నప్పుడు ఇంకా కొంత శ్రమ తప్పదు. ప్రతులను పోల్చి పాఠాన్ని నిర్ణయించే శిక్షణ పొందినవానికి ఇందులో కొత్త విద్య ఏమున్నది? ఓపిక, క్రమం, సాక్ష్యంమీద గౌరవం అతనికి ముందే ఉన్నవి. తెలుగు ఉపాధ్యాయుడు ఈ పనికి అనర్హుడని తలవడం అతని చదువును అతడే తక్కువచేసికోవడమవుతుంది.

“నోటితో చెప్పితే ఫోను తెలుగులో వ్రాసిపెడుతున్నదే, ఈ మీటలతో తగవు ఎందుకు?” అనేవారున్నారు. ఉత్తరం వ్రాయడానికి ఆ సదుపాయం చాలు. కాని అట్టి సాధనం తరచు వాడబడే మాటవైపు మొగ్గుతుంది. ప్రాచీన కావ్యంనుండి పద్యమొకటి ప్రశ్నపత్రంలో చేర్చవలసివస్తే అందులోని అరసున్నలను, శకటరేఫలను అది నిలుపుతుందని నమ్మడానికి లేదు. ఏరు, ఏఱు అనే మాటల భేదాన్ని బోధించవలసిన పాఠంలో ఱకారమే లేకపోతే బోధించేదేమిటి?

అంతమాత్రంచేత ఎవరికి వారు సొంత కీబోర్డు సృష్టించుకోవడం మెచ్చదగినది కాదు. ఈ మోజు యువకులలో పెరుగుతున్నది. ఒకే కంప్యూటరును ముగ్గురు ఉపాధ్యాయులు వాడే పాఠశాలలో ఒకరి అమరిక మరొకరికి అర్థంకాని మంత్రమైతే పని సాగదు. 1991లో భారతీయ ప్రమాణంలో చేరిన ఇన్‌స్క్రిప్టు అమరిక ఒకటి ఉన్నది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తవి. కె మీటమీద కకారం, షిఫ్టుతో ఖకారం. ఐ మీటమీద గకారం, షిఫ్టుతో ఘకారం. వర్ణమాల వర్గక్రమం తెలిసినవాని వేళ్లకు ఇది తొందరగా పట్టుబడుతుంది. హిందీ బోధించే పక్క ఉపాధ్యాయునికీ, సరిహద్దు పాఠశాలలోని కన్నడ ఉపాధ్యాయునికీ కకారం అదే మీటమీద ఉంటుంది. దీనిని పునాదిగా ఉంచుకొని, అందని నాలుగైదు అక్షరాలకూ, తరచు కొట్టవలసిన వాక్యాలకూ మాత్రమే స్క్రిప్టు వ్రాసుకొంటే, చెడే అవకాశమూ తగ్గుతుంది, చెడినది దొరకడమూ సులభమవుతుంది. పది పంక్తుల స్క్రిప్టును ఎవరైనా చదువగలరు. మూడువందల పంక్తుల స్క్రిప్టును వ్రాసినవాడుకూడ మరుసటి సంవత్సరం చదువలేడు.

ఆ పది పంక్తులకైనా పక్కన వ్యాఖ్య ఉండాలి: ఏ మీట, ఏ అక్షరం, ఎందుకు, ఏ తేదీన. స్క్రిప్టును తాత్కాలికంగా ఆపే హాట్‌కీ ఒకటి విధిగా పెట్టి, దాని పేరు కాగితంమీద వ్రాసి కంప్యూటరుకు అంటించాలి; తరువాత వచ్చి కూర్చొనే లెక్కల మాష్టారికి అది అవసరం.

పాత పత్రాలలో ఇప్పటికే చేరిపోయిన తప్పుల మాట మిగిలినది. విసర్గ చోటి కోలన్‌లను ఒక్కొక్కటే చూచి మార్చడం మేలు, నిజమైన కోలన్‌లు వాటి మధ్య ఉంటవి గనుక. అనుస్వారం చోటి అంకెలను మాత్రం వెదికి ఒక్కసారిగా మార్చవచ్చు. అయితే దానికి ముందు, తెలుగు అంకెలతో సంవత్సరాలు వేసిన పుటలను పక్కన పెట్టాలి. ౧౯౧౦ వంటి చోట్ల ఆ సున్నా నిజంగా సున్నాయే.